రేపటి పొద్దుటికి నేటి పిండి

పాఠ్యభాగ ఉద్దేశం

ఉదయపు ఆహారం మానుకొని కళాశాలకు వెళ్లడం నేటి విద్యార్థులలో చాలామందికి అలవాటయింది. ఈ అలవాటుకు గల కారణాలను, మన పూర్వులు పాటించిన ముందుచూపును, ఇంటి పనిలో విద్యార్థి వహించవలసిన పాత్రను తెలియజేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యాంశం

మాఘమాసంలో చిలకలూరిపేట సూర్యోదయానికి ముందే మేల్కొంటుంది. పదహారవ నంబరు జాతీయ రహదారిపై చెన్నై, కోల్‌కతా దిక్కులకు సాగిపోయే లారీల రొద రాత్రంతా వినిపిస్తూనే ఉంటుంది. చుట్టుపట్ల గ్రామాలలో మిరప కోతలు ముమ్మరంగా సాగే కాలమది. తలకు గుడ్డ చుట్టుకొని, చేత అన్నం క్యారియరు పట్టుకొని, స్త్రీలు గుంపులు గుంపులుగా ఆటోలెక్కి చేలకు బయలుదేరుతారు. అంతకు ముందు పత్తి తీతల కాలంలోనూ ఇదే దృశ్యం. సరిగా అదే వేళకు పుస్తకాల సంచి భుజాన వేసుకొని విద్యార్థులు బస్సుకోసం రోడ్డెక్కుతారు. తల్లి చేనికి వెళ్లాలి, తండ్రి మిల్లుకో కల్లానికో వెళ్లాలి, పిల్లలు చదువుకు వెళ్లాలి. ఇంట్లో ఉన్నది ఒకే పొయ్యి. చేతిలో ఉన్నది ఒక్క గంట. ఆ గంటలో అన్నింటికంటె ముందు వదులుకొనేది ఉదయపు ఆహారాన్నే.

“ఒక పూట తినకపోతే ఏమవుతుంది?” అని అనుకొనేవారు లెక్క వేసి చూసుకోవాలి. రాత్రి ఎనిమిది గంటలకు భోజనం చేసినవాడు మరునాడు మధ్యాహ్నం ఒంటిగంటకు గాని తినకపోతే, ఆ రెండు భోజనాల మధ్య పదిహేడు గంటలు గడుస్తాయి. మనిషి విశ్రాంతిగా ఉన్నప్పుడు సైతం శరీరం వినియోగించే శక్తిలో దాదాపు ఐదవ వంతు మెదడుకే కావాలి. కఠినమైన పాఠాలు సాగేది ఉదయం వేళనే. కడుపు ఖాళీగా ఉండేదీ ఆ వేళనే. 2019-21 సంవత్సరాలలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పదిహేను నుండి నలభై తొమ్మిది ఏండ్ల వయస్సు గల స్త్రీలలో సగం కంటె ఎక్కువమంది రక్తహీనతతో ఉన్నారు. అటువంటి చోట ఒక పూట ఆహారం మానుకోవడం చిన్న విషయం కాదు. పేరుకు అది అల్పాహారమే గాని, దాని ప్రయోజనం అల్పం కాదు.

ఈ సమస్యకు కారణం బద్ధకమని కొందరు, పేదరికమని కొందరు అంటారు. రెండింటిలోనూ కొంత నిజం ఉండవచ్చు. కాని అసలు చిక్కు వేరొకటి. ఇంటిల్లిపాదికి తీరిక లేని ఘడియలోనే వంట భారమంతా పడుతున్నది. ఆ భారంలో కొంత భాగాన్ని ముందురోజు సాయంత్రానికి జరపగలిగితే చిక్కు సగం విడిపోతుంది. ఈ ఉపాయం మనకు కొత్తది కాదు.

చద్దన్నం ఇందుకు తొలి ఉదాహరణ. ‘చల్ది’ అనే మాటే వాడుకలో ‘చద్ది’ అయింది. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లో మజ్జిగో పోసి మూత పెడితే తెల్లవారేసరికి అది కొద్దిగా పులిసి, చల్లబడి, తినడానికి సిద్ధంగా ఉంటుంది. పొయ్యి రాజేయనవసరం లేదు. ఉల్లిపాయ, ఊరగాయ తోడైతే చాలు. పోతన తన భాగవత దశమస్కంధంలో గోపబాలురతో కలిసి బాలకృష్ణుడు చల్దులు ఆరగించిన ఘట్టాన్ని మనోహరంగా వర్ణించాడు. పశువులను తోలుకొని ప్రొద్దున్నే అడవికి వెళ్లే పిల్లలకు చద్దిమూటే ఆధారం. “పెద్దల మాట చద్దన్నం మూట” అనే సామెత పుట్టడంలో ఎంతో అర్థం ఉన్నది. అవసరం రాకముందే సిద్ధం చేసి, అవసరమైన వేళకు చేతికందేది చద్దిమూట. పెద్దల మాట కూడ అటువంటిదే.

అయితే పల్నాటి సీమలో వరి అన్నం ఒకప్పుడు అందరికీ దొరికేది కాదు. ఇక్కడి జొన్నకూటిని గురించి శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న చాటుపద్యాలు ఆ సంగతిని చెప్పకనే చెబుతాయి. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. 1967లో కాలువలకు నీరు విడుదలయింది. కుడి కాలువ నీరు పారిన నేలలలో వరి పెరిగింది. ఇటు కృష్ణా డెల్టా మాగాణులలో వరి కోతకు ముందే, తడి ఆరని నేలపై మినుము చల్లి రెండవ పంట తీసే పద్ధతి ఉన్నది. గుంటూరు సమీపంలోని లాం వ్యవసాయ పరిశోధన కేంద్రం ఎన్నో మినుము రకాలను రూపొందించింది. ‘ఎల్.బి.జి.’ అనే అక్షరాలతో మొదలయ్యే మినుము రకాల పేర్లలో తొలి అక్షరం ఆ ఊరిదే. ఇట్లా ఒకవైపు బియ్యం, మరొకవైపు మినుము అందుబాటులో ఉన్న ప్రాంతం మనది. ఈ రెండింటి కలయికే మన ఉదయపు ఆహారానికి మూలం.

ఈ కలయికలో గొప్ప యుక్తి ఉన్నది. మాంసకృత్తులలో భాగమైన లైసిన్ బియ్యంలో తక్కువ, మినుములో ఎక్కువ. మిథియోనిన్ మినుములో తక్కువ, బియ్యంలో ఎక్కువ. ఒకదాని లోటును మరొకటి తీరుస్తుంది. రుబ్బిన పిండిని రాత్రంతా కదలకుండ ఉంచితే అది పొంగుతుంది. ఆ పొంగుకు కారణమేమిటో మన అవ్వలకు తెలియకపోయినా, ఎంతసేపు ఉంచాలో మాత్రం తెలుసు. ఇడ్లీ పిండి పొంగడంలో ల్యూకొనోస్టాక్ మెసెంటెరాయిడీస్ అనే సూక్ష్మజీవి ప్రధాన పాత్ర వహిస్తుందని 1965లో అమెరికాలో ప్రచురితమైన పరిశోధన తెలియజేసింది. గింజలతోపాటే వచ్చే ఈ జీవులు పిండిలోని చక్కెరలను తిని బొగ్గుపులుసు వాయువును, ఆమ్లాన్ని పుట్టిస్తాయి. మినుములోని జిగురు ఆ వాయువును బయటకు పోనీయక పట్టి ఉంచుతుంది. అందువలన పిండి ఉబ్బుతుంది, గుల్లబారుతుంది, తేలికగా జీర్ణమవుతుంది. ఇంటివారు నిద్రించే వేళ కూడ పనిచేసే వంటవారు ఈ సూక్ష్మజీవులే!

ఆ పిండితో చేసే వంటలలో కోస్తా జిల్లాల దిబ్బరొట్టె ప్రత్యేకమైనది. నానబెట్టి రుబ్బిన మినపపిండిలో బియ్యపు రవ్వ కలిపి, అడుగు మందంగా ఉన్న గిన్నెలో నూనె వేసి, పిండిని దళసరిగా పోసి, మూతపెట్టి సన్నని సెగపై కాలుస్తారు. పూర్వం మూతపై కూడ నిప్పులు పేర్చి పైనుండి, కిందనుండి సమంగా వేడి తగిలేటట్లు చూసేవారు. పైన ఎర్రని కరకర, లోపల దూదివంటి మెత్తదనం ఆ రొట్టె గుణం. చలికాలంలో రాత్రి కాల్చిన రొట్టెను ఉదయం ముక్కలుగా కోసి తినవచ్చు.

దిబ్బరొట్టె కాలడానికి అరగంటకు పైగా పడుతుంది. అంత వ్యవధి లేని ఇంటికి చిన్న చిన్న గుంటలున్న పెనం తోడ్పడుతుంది. గుంట పునుగులు, గుంత పొంగణాలు అని ప్రాంతాన్నిబట్టి వ్యవహరించే వంట ఇదే. ఒక గ్లాసు మినపప్పు, మూడు గ్లాసుల బియ్యం, చెంచాడు మెంతులు ఐదు గంటలు నానబోసి రుబ్బి, రాత్రంతా పులియబెట్టాలి. ఉల్లి, పచ్చిమిర్చి, కరివేపాకు, అల్లం ముందురోజే తరిగి ఉంచుకోవచ్చు. ఉదయం వాటిని పిండిలో కలిపి, గుంటల్లో నూనె చుక్క వేసి పోస్తే, పది నిమిషాలలోపే ఒక వాయి దిగుతుంది. బియ్యంలో కొంత తగ్గించి రాగులు చేర్చితే కాల్షియం పెరుగుతుంది. నూరు గ్రాముల రాగులలో మూడు వందల మిల్లీగ్రాములకు మించి కాల్షియం ఉంటుంది. చేతికి అంటవు, కారవు, పళ్లెం అక్కరలేదు. బస్సు వచ్చేలోపు నిలబడి తినవచ్చు. డబ్బాలో పెట్టుకొని పోవచ్చు.

పొద్దుటి తొందర చిలకలూరిపేటకే పరిమితమైనది కాదు. పాశ్చాత్య దేశాలలో గోధుమపిండి, పాలు, గుడ్లు కలిపి, చిన్న గుంటల పళ్లెంలో పోసి, ఓవెన్‌లో కాల్చి, చల్లార్చి, అతిశీతల పెట్టెలో దాచుకొంటారు. బడికి వెళ్లే పిల్లలకు ఉదయం నాలుగు తీసి వెచ్చబెట్టి ఇస్తారు. డెన్మార్కులో ఎబెల్‌స్కివర్, జపానులో తకోయాకి మన పొంగణాల పెనం వంటి గుంటల పెనంపైనే తయారవుతాయి. ఇథియోపియాలో టెఫ్ అనే చిరుధాన్యపు పిండిని పులియబెట్టి ఇంజెరా అనే అట్టు పోస్తారు. దేశాలు వేరైనా ముందురోజే సిద్ధపడాలనే ఆలోచన ఒక్కటే.

ఇంతవరకు చెప్పినది వంట సంగతి. ఇక చెప్పవలసినది మనుషుల సంగతి. పప్పు నానబోయడం, రుబ్బడం, తరగడం రాత్రికి జరిపినంత మాత్రాన ఆ పని మాయం కాదు. పగలంతా చేలో వంగి కాయలు కోసి, మిరప ఘాటుకు మండుతున్న చేతులతో వచ్చిన తల్లే రాత్రి కూడ పిండి రుబ్బవలసి వస్తే, మనం ఆమెకు చేసిన మేలు ఏమున్నది? ఉదయపు భారాన్ని రాత్రికి మార్చినవారమవుతాము, అంతే. రాత్రివేళకు ఉన్న అసలైన సుగుణం వేరు. ఆ సమయంలో ఇంటిల్లిపాది ఇంట్లో ఉంటారు. ఉదయం ఒక్కరే చేయక తప్పని పనిని సాయంత్రం నలుగురు పంచుకోవచ్చు. ఆదివారం మధ్యాహ్నం కొడుకు పప్పు నానబోయవచ్చు. సాయంత్రం తండ్రి గ్రైండరు వేయవచ్చు. కూతురు ఉల్లిపాయలు తరుగుతూ చదివిన పాఠాన్ని తమ్మునికి అప్పజెప్పవచ్చు. పెనంపై పొంగణం తిప్పడానికి ఆడపిల్ల చెయ్యి, మగపిల్లవాని చెయ్యి అనే తేడా లేదు. పదిహేడేండ్ల విద్యార్థికి త్రికోణమితి ఎంత అవసరమో, తన ఆకలికి తాను జవాబుదారీ కావడమూ అంతే అవసరం.

కొన్ని జాగ్రత్తలు అత్యవసరం. చిలకలూరిపేట వేసవిలో ఆరేడు గంటలకే పొంగే పిండి, చలికాలంలో పన్నెండు గంటలు దాటినా పొంగకపోవచ్చు. పిండి పొంగడానికి వీలుగా గిన్నెలో ఖాళీ విడవాలి. పొంగిన పిండిని రిఫ్రిజిరేటరులో ఉంచితే మూడు నాలుగు రోజులు వాడుకోవచ్చు. అది లేని ఇంటివారు ఏ రోజుకు ఆ రోజు సరిపడేంతే రుబ్బుకోవాలి. పిండిపై రంగు మారినా, బూజు కనిపించినా, దుర్వాసన వచ్చినా పారబోయాలి. చద్దన్నానికి శుభ్రమైన పాత్ర, శుభ్రమైన నీరు ముఖ్యం. ఎండాకాలంలో వండిన పదార్థాలను గంటల తరబడి డబ్బాలో ఉంచరాదు.

విద్యార్థుల ఆకలిని ప్రభుత్వాలూ గుర్తించాయి. తమిళనాడులో 2022 సెప్టెంబరు 15న ప్రాథమిక పాఠశాలల పిల్లలకు ఉదయపు అల్పాహార పథకం ప్రారంభమైంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ జూనియర్ కళాశాలలలో 2025 జనవరి 4న మధ్యాహ్న భోజనం మొదలయింది. గోదావరి సీమలో అన్నదానానికి పేరుపొందిన డొక్కా సీతమ్మ పేరు దానికి పెట్టారు. ఆమె తన వాకిట నిలిచిన బాటసారిని ఆకలితో పంపలేదని ప్రసిద్ధి. మధ్యాహ్నపు ముద్దకు అట్లా ఒక ఏర్పాటు జరిగింది. ఉదయపు ముద్ద మాత్రం ఇంటివారు చేసుకోవలసిందే.

రేపు తెల్లవారుజామున తల్లి చేనికి బయలుదేరేటప్పుడు ఆమె క్యారియరులో నాలుగు వేడి పొంగణాలు పెట్టి పంపగల బిడ్డ ఉన్న ఇల్లు భాగ్యవంతమైనది. అందుకు ఈ సాయంత్రమే గుప్పెడు మినుములు నానాలి.

కఠిన పదాలకు అర్థాలు

ముమ్మరం : అధికం, జోరు
కల్లం : పంటను నూర్చే, ఆరబెట్టే చోటు
మాగాణి : నీటి వసతితో వరి పండే భూమి
యుక్తి : ఉపాయం
బొగ్గుపులుసు వాయువు : కార్బన్ డై ఆక్సైడు
దళసరి : మందం
వాయి : ఒకసారి పెనంపై వేసి తీసిన వంట
జవాబుదారీ : బాధ్యత వహించేవాడు

ప్రశ్నలు

అ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. ‘చద్ది’ అనే పదం ఏ పదం నుండి ఏర్పడింది?
2. నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన ఎప్పుడు జరిగింది?
3. ఇడ్లీ పిండి పొంగడంలో ప్రధాన పాత్ర వహించే సూక్ష్మజీవి ఏది?

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. “పెద్దల మాట చద్దన్నం మూట” అనే సామెతను వివరించండి.
2. బియ్యం, మినుము ఒకదాని లోటును మరొకటి ఎట్లా తీరుస్తాయి?

ఇ) వ్యాసరూప ప్రశ్న
1. పనిని రాత్రికి జరపడం కంటె పంచుకోవడమే ముఖ్యమని రచయిత ఎట్లా సమర్థించాడు? మీ ఇంటి అనుభవంతో పోల్చి వ్రాయండి.

ఈ) సందర్భసహిత వ్యాఖ్య
1. “మనం ఆమెకు చేసిన మేలు ఏమున్నది?”

ఉ) వ్యాకరణం : క్రింది పదాలను విడదీసి, సంధి పేరు తెల్పండి.
అల్పాహారం, సూర్యోదయం, అత్యవసరం