విత్తులేని మొక్కలు – వరిమడిలో అజొల్లా

విత్తనమును దాచుకొను నేర్పు రైతునకు మేము చెప్పవలసినది కాదు. కాని విత్తనమే పుట్టని మొక్కను మరుసటి పంటకు దాచుకొనుట యెట్లు? అజొల్లాను పెంచదలచిన సభ్యులు ముందుగా విచారింపవలసిన విషయ మిది.

గోడలపై పెరుగు పాచికి నీటిని పైకి చేర్చు నాళములు లేవు; అందుచే నది పొట్టిగనే యుండును. 40 కోట్ల సంవత్సరములకు పూర్వమే కొన్ని మొక్కలకు ఇట్టి నాళము లేర్పడెను. క్రమముగా వేరు, కాండము, ఆకు వృద్ధిపొందెను. సుమారు 30 కోట్ల ఏండ్ల క్రిందట ఈ తెగవి కొన్ని 100 అడుగుల చెట్లై అడవులుగా పెరిగెను. ఐరోపా, ఉత్తర అమెరికాలలోని బొగ్గు చాలవరకు అట్టి అడవుల శేషమే. ఈ తెగలో నేడు ముఖ్యమైనవి ఫెర్నులు.

వీనికి పూవు లేదు, కాయ లేదు, విత్తు లేదు. విత్తులో శిశువగు మొక్కయు, దాని కాహారమును సిద్ధముగా నుండును. ఫెర్ను ఆకులనుండి రాలు ధూళివంటి సిద్ధబీజములో నవి లేవు. మగకణము నీటిలో ఈది ఆడకణమును చేరిననే క్రొత్త మొక్క పుట్టును. కావున తడి లేనిచోట వీని వంశము సాగదు.

అజొల్లా నీటిపై తేలు చిన్న ఫెర్ను. దాని ఆకుల గుల్లలలో నివసించు సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని గ్రహించి మొక్క కిచ్చును. వియత్నాము, చైనా రైతులు శతాబ్దములుగా దీనిని వరికి ఎరువుగా వాడిరి. ఎకరమునకు 4 టన్నుల పచ్చి అజొల్లాను దమ్ములో కలిపినచో సుమారు 10 కిలోల నత్రజని నేలకు చేరును.

అనుకూలమైన కాలములో నిది 3 నుండి 5 దినములలో రెట్టింపగును. కాని ఆ వృద్ధి యంతయు రెమ్మలు విడిపోయి పెరుగుటచేతనే. సిద్ధబీజములు అరుదుగా పుట్టును. వానిని నమ్మి సేద్యము చేయజాలము. వేసవిలో మడి యెండినచో మొక్క నశించును. గాదెలో దాచుటకు వీలు లేదు.

కావున ప్రాణముతోనే దీనిని కాపాడవలెను. చెట్టునీడను చిన్న గుంట త్రవ్వి, 4 అంగుళముల నీరు నిలిపి, కొంచెము పేడయు, సూపర్ ఫాస్ఫేటును వేయవలెను. భాస్వరము చాలనిచో మొక్క చిన్నదై యెఱ్ఱబాఱును. దట్టమైనపుడు కొంత తీసివేయవలెను. నీటిని ఎండనీయరాదు.

ఒక్కొక్క రైతు వేసవియంతయు గుంటకు నీరుపెట్టుట కష్టము. సంఘము తరపున ఊరి కొక గుంట నిలిపినచో, తొలకరికి సభ్యులందరు తలయొక గంపెడు తీసికొనిపోయి తమ మడులలో పెంచుకొనవచ్చును. వేసవి రాకముందే ఈ యేర్పాటు చేసికొనవలెనని మా మనవి.