గోస్థనీ తీరయాత్ర

దేశాటనము చేయువారు రెండు విధములుగా నుందురు. కొందరు ప్రసిద్ధములైన స్థలములకు మాత్రము పోయి, వానిని కన్నులార చూచి, ఆనాడే మరలి వత్తురు. మరికొందరు ఒక త్రోవను పట్టుకొని, అది ఎచ్చట మొదలై ఎచ్చట ముగియునో, దాని కిరువైపుల నివసించు జనులకు ఒకరితో నొకరికి గల సంబంధ మెట్టిదో విచారించుచు పోవుదురు. మొదటివారికి వినోదము లభించును. రెండవవారికి వినోదముతోపాటు వివేకమును లభించును. విద్యార్థులగు మీరు రెండవ పద్ధతినే అవలంబింపవలెను.

ఈ పాఠమున మనకు మార్గము చూపునది ఒక చిన్న నది. దాని పేరు గోస్థని. అది తూర్పు కనుమలలో అనంతగిరి కొండలయందు పుట్టి, సుమారు 120 కిలోమీటర్లు ప్రవహించి, భీమునిపట్నమువద్ద బంగాళాఖాతమున కలియుచున్నది. గోదావరీ కృష్ణలతో పోల్చినచో ఇది పిల్లకాలువ వంటిది. అయినను దీని యొడ్డున ఒక ప్రాచీన రేవుపట్టణము, ఒక యుద్ధభూమి, ఒక జలాశయము, ఒక అద్భుతమైన గుహ కలవు. దీనికి చేరువనే ఒక రాజధానీ నగరము కలదు. నది కొండనుండి సముద్రమునకు దిగును. మనము సముద్రమునుండి కొండకు ఎక్కుదము.

భీమునిపట్నము

భీమునిపట్నమును జనులు భీమిలి యని పిలుతురు. 17వ శతాబ్దిలో డచ్చివారు ఇచ్చట వర్తకస్థానము నేర్పరచుకొనిరి. ఈ ప్రాంతపు నేతగాండ్రు నేసిన నూలువస్త్రములు ఓడలకెక్కి విదేశములకు పోయెడివి. 1825లో ఈ పట్టణము ఆంగ్లేయుల వశమయ్యెను. 1861లోనే ఇచ్చట పురపాలక సంఘ మేర్పడినది. భారతదేశమున మిక్కిలి పాతవైన పురపాలక సంఘములలో ఇది యొకటి.

సముద్రతీరమునకు సమీపమున డచ్చివారి సమాధులు నేటికిని కలవు. స్వదేశమునకు వేలకొలది మైళ్ల దూరమున మరణించినవారి పేళ్లు ఆ రాళ్లపై చెక్కబడి యున్నవి. ధనార్జనకై వచ్చినవారిలో అందరును ధనముతో మరలిపోలేదని అవి తెలుపుచున్నవి.

ఊరిని ఆనుకొనియున్న పావురాలకొండపై మరింత ప్రాచీనమైన చరిత్ర కలదు. రమారమి రెండువేల సంవత్సరములకు పూర్వము బౌద్ధ భిక్షువు లిచ్చట నివసించిరి. వారు కొండరాతిని తొలిచి, వాననీటిని నిలువచేయుటకు తొట్లను నిర్మించుకొనిరి. కొండమీద నీటిచుక్క విలువ యెట్టిదో వారికి తెలియును.

పందొమ్మిదవ శతాబ్ది చివర తూర్పుతీరపు రైలుమార్గము వేయబడినప్పుడు అది భీమునిపట్నమునకు రాక, విజయనగరము మీదుగా విశాఖపట్నమునకు పోయెను. 1933లో విశాఖపట్నమున నూతన నౌకాశ్రయము ప్రారంభింపబడెను. అప్పటినుండి భీమిలి రేవు వైభవము క్షీణించినది. ఓడలను రప్పించునదియు, వానిని వేరొకచోటికి మరల్చునదియు మార్గమే యని దీనివలన గ్రహింపవచ్చును.

పద్మనాభము

నదివెంట లోపలికి పోగా పద్మనాభమను గ్రామము వచ్చును. ఇచ్చటి కొండపై అనంతపద్మనాభస్వామి ఆలయము కలదు. వేయికి పైగా మెట్లెక్కి స్వామిని దర్శింపవలెను. పైనుండి చూచినచో పచ్చని పొలములమధ్య గోస్థని వెండితీగవలె మెరయుచుండును.

ఇంత ప్రశాంతముగా కనబడు ఈ మైదానమున 1794వ సంవత్సరము జూలై 10వ తేదీన రక్తము ప్రవహించెను. విజయనగర ప్రభువగు చినవిజయరామరాజు తమకు పేష్కషు బాకీపడెనని ఈస్టిండియా కంపెనీవారు నిర్బంధించిరి. రాజ్యమును విడిచి మచిలీపట్నమునకు పొమ్మని ఆజ్ఞాపించిరి. ఆయన పోలేదు. తన్ను నమ్మిన బంధువులతోను భటులతోను పద్మనాభమున విడిసెను. కంపెనీ సేన వచ్చి పైబడెను. ఫిరంగులముందు కత్తులు నిలువజాలలేదు. కొలదిసేపటిలోనే యుద్ధము ముగిసెను. రాజును, ఆయనను విడువక నిలిచిన పెక్కుమంది వీరులును నేలకొరగిరి.

రాజకుమారుడగు నారాయణబాబు బాలుడు. అతనికి ఆశ్రయమిచ్చినవారు కొండప్రాంతపు జమీందారులు. వారు అతని పక్షము వహించి నిలుచుటచే కంపెనీవారు తుదకు సంధికి వచ్చి, రాజ్యములో కొంతభాగమును మాత్రము అతనికి తిరిగి యిచ్చిరి. పల్లపునేల ప్రభువునకు ఆపద కలిగినప్పుడు కొండలే అండయైనవి. ఈ విషయమును జ్ఞప్తియందుంచుకొనుడు.

విజయనగరము

నదిని కొంత విడిచి ఉత్తరమునకు పోయినచో విజయనగరము చేరుదుము. ఇచ్చటి కోట 1713లో నిర్మింపబడినది. ఎత్తైన గోడలు, విశాలమైన ద్వారములు, చుట్టును కందకము చూచువారికి గంభీరముగా నుండును. కాని ఈ నగరమునకు శాశ్వతమైన కీర్తి తెచ్చినది కోటగోడలు కావు. విద్యయు, సంగీతమును, సాహిత్యమును.

1919లో మహారాజావా రిచ్చట సంగీత కళాశాలను స్థాపించిరి. హరికథా పితామహుడగు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి ప్రథమాధ్యక్షులు. ఫిడేలు విద్వాంసులగు ద్వారం వేంకటస్వామినాయుడుగారు అచ్చట బోధించి, 1936లో అధ్యక్షులైరి. గాయకుడు ఘంటసాల వేంకటేశ్వరరావు సంగీతము నేర్చిన దిచ్చటనే.

గురజాడ అప్పారావుగారు నివసించిన గృహమును యాత్రికులు తప్పక చూడవలెను. ఆ కాలమున కొందరు తండ్రులు ధనము పుచ్చుకొని తమ పసికూతుండ్రను వృద్ధులకు వివాహము చేయుచుండిరి. విశాఖపట్నము జిల్లాలో మూడు సంవత్సరములలో జరిగిన ఇట్టి వివాహములను ఆనందగజపతి మహారాజుగారు లెక్కింపజేయగా, అవి 1,034 అని తేలెను. ఈ దురాచారమును ఖండించుచు గురజాడవారు ‘కన్యాశుల్కము’ అను నాటకమును రచించిరి. 1892లో అది ప్రదర్శింపబడెను, 1897లో అచ్చయ్యెను. జనులు దానిని చూచి కడుపుబ్బ నవ్విరి. నవ్విన పిమ్మట సిగ్గుపడిరి. కోటను చూచినపుడు రాజుల బలము తెలియును. ఆ చిన్న యింటిని చూచినపుడు కలము బలము తెలియును.

కొండలలోనికి

మరల గోస్థనిని చేరుదము. తాటిపూడివద్ద ఈ నదికి అడ్డముగా ఆనకట్ట కలదు. 1960 తరువాతి సంవత్సరములలో నిర్మింపబడిన ఈ జలాశయము పొలములకు సాగునీటిని, విశాఖపట్నమునకు త్రాగునీటిని ఇచ్చుచున్నది. నగరమున కుళాయి త్రిప్పిన వానికి ఆ నీరు ఏ కొండపై కురిసినదో తలపునకు రాదు. తాటిపూడి గట్టుపై నిలిచి పడమరకు చూచినచో నీలివర్ణపు కొండలబారు కానవచ్చును. ఆ నీరు అచ్చటిది.

ఆ కొండల పాదమున శృంగవరపుకోట కలదు. అచ్చటినుండి కొత్తవలస–కిరండూలు రైలుబండిలో ప్రయాణము చేయుదము. బైలాడిల్లా గనులలోని ఇనుపఖనిజమును విశాఖపట్నపు రేవునకు చేర్చి, జపానునకు ఎగుమతి చేయుటకై 1960 తరువాత ఈ మార్గమును నిర్మించిరి. ఇది దుర్గమమైన పర్వతములమీదుగా పోవుచున్నది. ఏబదికి పైగా సొరంగములు, అనేకములైన వంతెనలు ఈ దారిలో కలవు. బండి ఒక క్షణము చిమ్మచీకటిలో నుండును. మరుక్షణమున లోయ యొకటి కన్నులయెదుట విచ్చుకొనును. ఒకప్రక్క నిలువైన రాతిగోడ, ఒకప్రక్క అగాధము. దూరమున చెట్లనడుమ సన్నని జలపాతము. చేతిలో ఉలియు సమ్మెటయు పట్టి, మందుగుండు పెట్టి, ఈ కొండలను తొలిచిన పనివారిని ఇచ్చట ఒక్కమారు స్మరింపవలెను.

బొర్రా గుహలు

సముద్రమట్టమునకు ఇంచుమించు 700 మీటర్ల యెత్తున బొర్రా గుహలున్నవి. మన మార్గదర్శియగు గోస్థని ఈ గుహలగుండ ప్రవహించుచున్నది. ఒకప్పుడు మేయుచున్న ఆవు ఒకటి పైకప్పులోని రంధ్రముగుండ లోపల పడెననియు, దానిని వెదకుచు వచ్చిన గోపాలకుడు అందు శివలింగమును పోలిన శిలను చూచెననియు గిరిజనులు చెప్పుదురు. ఆవుపొదుగునుండి పాలవలె జారు నీరు గనుక నదికి గోస్థని యని పేరు వచ్చెనని ప్రతీతి.

ఈ గుహ లెట్లేర్పడెను? ఇచ్చటి రాయి సున్నపురాయి. వానచినుకు గాలిలోను మట్టిలోను గల బొగ్గుపులుసు వాయువును తనలో కలుపుకొని కొంచెము పులుపెక్కును. ఆ నీరు పగుళ్లలో దిగి సున్నపురాతిని అతిమెల్లగా కరగించును. ఇట్లు లక్షలకొలది సంవత్సరములు జరుగగా కొండ కడుపులో గుహ యేర్పడును. గుహ కప్పునుండి నీరు బొట్టుబొట్టుగా రాలునపుడు, వాయువు వెలికిపోయి, కరగిన సున్నము కొంచెము కొంచెముగా పేరుకొనును. పైనుండి ఊడలవలె వ్రేలాడునవి కొన్ని. నేలనుండి పుట్టలవలె లేచునవి కొన్ని. పైది క్రిందికి, క్రిందిది పైకి పెరిగి, తుదకు రెండును కలిసికొని స్తంభమగును.

ఈ శిలలు పెరుగుటకు పట్టు కాలము మనుష్యుల లెక్కకు అందునది కాదు. ఒక అంగుళము పెరుగుటకు అనేక తరములు గడచిపోవును. అట్టిదానిని చేతితో విరుచుటకు ఒక్క క్షణము చాలును. చేతిని సోకించినను, అందలి జిడ్డు అంటి, ఆ తావున పెరుగుదల నిలిచిపోవును. కావున చూడుడు; తాకకుడు.

గుహకు ఇంతకంటె పెద్ద ఆపదయు ఒకప్పుడు సంభవించెను. ఈ కొండలలో సున్నపురాయి మాత్రమే గాక అభ్రకము మొదలగు ఖనిజములును కలవు. బొర్రా పంచాయతీలోని గ్రామములలో వానిని త్రవ్వుకొనుటకు ప్రభుత్వము గిరిజనేతరులకు కౌళ్లు ఇచ్చెను. కాని ఇది రాజ్యాంగములోని ఐదవ అనుబంధముచే రక్షింపబడిన గిరిజన ప్రాంతము. ఇచ్చటి భూమి గిరిజనేతరుల పరము కాకుండ 1959లో నిబంధన చేయబడి, 1970లో అది బలపరచబడెను. ‘సమత’ అను సంస్థ ఈ విషయమును న్యాయస్థానమునకు తెచ్చెను. 1997వ సంవత్సరము జూలై 11వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పుచు, ఇట్టి ప్రాంతములలో ప్రభుత్వముగూడ గిరిజనేతరులకు భూమిని కౌలునకు ఇయ్యరాదని నిర్ణయించెను. నాగలి తప్ప వేరాయుధ మెరుగని పల్లెవాసుల పక్షమున ధర్మము నిలిచెను. ఆ తీర్పువలన రక్షింపబడినది వారి పొలములే కాదు. క్రిందనున్నవారు త్రాగు నీటి పుట్టుచోటును.

అరకులోయ

బొర్రానుండి బండి యింకను ఎక్కుచు, సుమారు 996 మీటర్ల యెత్తుననున్న శిమిలిగుడ స్టేషనును దాటి, అరకులోయలో దిగును. చుట్టును కొండలు కోటగోడలవలె నిలిచియుండగా నడుమ పొలములు పరచుకొనియున్నవి. చలికాలపు ఆరంభమున వలిసెల చేలు పూయునపుడు నేల యంతయు పసుపు ఆరబోసినట్లుండును. చోడి, సామ ఇచ్చటి పాత పంటలు. కొండవాలులందు సిల్వర్‌ఓక్ చెట్ల నీడలో కాఫీతోటలు, ఆ చెట్లను అల్లుకొని మిరియపు తీగెలు కలవు. పూర్వము గిరిజనులు అడవిని నరికి కాల్చి పోడువ్యవసాయము చేయుచుండిరి. కాఫీకి నీడ కావలెను. నీడకు చెట్టు ఉండవలెను. అందుచే చెట్టును నిలుపుకొనుటయే లాభకరమైనది. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించినది.

సంతనాడు దూరపు గూడెములనుండి స్త్రీలు తట్టలతో పసుపు, అల్లము, చింతపండు తెత్తురు. వారితో బేరమాడువారు ఆ తట్ట ఎన్ని కొండలు దిగి వచ్చినదో యోచింపవలెను. పండుగలలో స్త్రీలు ఒకరి వెనుక నొకరు చేతులు పెనవైచి, డప్పు మ్రోతకు అనుగుణముగా అడుగులు వైచుచు ధింసా నృత్యము చేయుదురు. అది వారి పండుగ. మన వేడుకకొఱకు పుట్టినది కాదు. అతిథివలె మర్యాదతో చూడవలెను. అనుమతి లేక ఛాయాచిత్రములు తీయరాదు.

కొండప్రదేశములకు పోవు యాత్రికులు ఏటేట పెరుగుచున్నారు. వారివలన కొందరికి జీవనోపాధి కలుగుచున్నది. అయినను వారు విడిచిన చెత్త వాగులో పడినచో అది గోస్థనిలో చేరును, తాటిపూడికి పోవును, తుదకు వారి యింటి కుళాయిలోనికే రావచ్చును. కొండపైనున్నవాడును పట్టణముననున్నవాడును ఒకే నీటిని పంచుకొనువారు. నాడు నారాయణబాబునకు నీడనిచ్చిన కొండలు నేడు నగరములకు నీరిచ్చుచున్నవి. ఆ ఋణమును తీర్చు విధమేదో తెలిసికొనుట ఈ తరమువారి విధి.

ప్రశ్నలు

1. భీమునిపట్నపు రేవు వైభవము క్షీణించుటకు కారణము లేమి?
2. పద్మనాభ యుద్ధము ఏల సంభవించెను? తరువాత నారాయణబాబునకు తోడ్పడిన వారెవరు?
3. బొర్రా గుహలు ఏర్పడిన విధమును మీ సొంతమాటలలో వివరింపుడు.
4. 1997 నాటి తీర్పువలన గిరిజనులకును, పట్టణవాసులకును కలిగిన మేలెట్టిది?
5. మీ యూరికి త్రాగునీరు ఎచ్చటినుండి వచ్చుచున్నదో విచారించి, ఆ త్రోవను వర్ణించుచు ఒక వ్యాసము వ్రాయుడు.