గాలిని నొక్కితే నిప్పు!

వేసవిలో ఒక తెల్లవారుజామున హనుమాన్ జంక్షన్ సెంటర్లో నిలబడి చూడండి. విజయవాడ నుంచి ఏలూరు పోయే దారిలో, విజయవాడకు సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉంది ఈ ఊరు. ఒకవైపు నుంచి నూజివీడు రోడ్డు, మరోవైపు నుంచి గుడివాడ రోడ్డు వచ్చి ఇక్కడ కలుస్తాయి. దూరప్రయాణం చేసే పెద్ద లారీలు ఇప్పుడు చాలావరకు ఊరి పక్కనున్న బైపాస్ మీదుగా పోతున్నాయి. అయినా సెంటర్లో చిన్న సరుకు బండ్లకు కొదవ లేదు. ఒకదాని నిండా నూజివీడు మామిడికాయలు. ఒకదాంట్లో ఐసు వేసిన చేపల పెట్టెలు. మరొకదాంట్లో పాల క్యాన్లు, పక్కనే దాణా బస్తాలు. వీటినే మనం పికప్ బండ్లు అంటున్నాం.

డ్రైవరు ఆంజనేయస్వామి గుడి ముందు ఒక కొబ్బరికాయ కొట్టి, బండెక్కి తాళం తిప్పాడు. ఇంజను గుర్రుమంది. ఇప్పుడు ఒక ప్రశ్న. పెట్రోలు ఇంజనులో మంట పుట్టించడానికి స్పార్కు ప్లగ్గు ఉంటుంది. ఈ డీజిలు ఇంజను మొత్తం విప్పి వెతికినా స్పార్కు ప్లగ్గు కనిపించదు. మరి లోపల నిప్పు ఎవరు వెలిగిస్తున్నారు?

జవాబు మీ ఇంట్లోనే ఉంది. సైకిలు పంపు తెచ్చుకోండి. గాలి బయటికి వచ్చే రంధ్రాన్ని వేలితో గట్టిగా మూసి, పిడిని గబగబా పదిహేను ఇరవై సార్లు కొట్టండి. తరవాత పంపు అడుగుభాగాన్ని తాకి చూడండి. వెచ్చగా ఉంది కదూ? “రాపిడి వల్ల వేడెక్కింది” అంటారేమో! రాపిడి వల్ల కొంత వేడి పుట్టిన మాట నిజమే. కాని రాపిడి గొట్టం పొడుగునా జరిగింది. ఎక్కువ వేడెక్కినది మాత్రం గాలి నలిగిన అడుగుభాగం! గాలిని నొక్కడానికి మీరు పని చేశారు. ఆ పని ఎక్కడికీ పోలేదు. గాలి అణువుల వేగంగా మారింది. అణువుల వేగం పెరగడమంటే ఉష్ణోగ్రత పెరగడమే.

ఆగ్నేయాసియాలోని కొన్ని జాతులవారు ఈ సంగతిని ఎంతోకాలం క్రితమే కనిపెట్టారు. వెదురుతోనో కొమ్ముతోనో చేసిన చిన్న గొట్టంలో ఒక కడ్డీని బిగుతుగా దూర్చి, దాని కొనకు కొంచెం దూదిలాంటి పదార్థం పెట్టి, అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టేవారు. నలిగిన గాలి వేడికి ఆ దూది రాజుకునేది!

నాలుగు అడుగుల ఆట

మన పికప్ బండి ఇంజనులో జరిగేది ఇదే. దానిలో సాధారణంగా నాలుగు స్థూపకాలు, అంటే సిలిండర్లు, ఉంటాయి. ఒక్కొక్కదానిలో ఒక ముషలకం కిందికీ పైకీ ఆడుతుంది. మెకానిక్కులు దీన్ని పిస్టను అంటారు. దాని ఆటలో నాలుగు అడుగులు.

మొదటి అడుగులో పిస్టను కిందికి దిగుతూ గాలిని పీలుస్తుంది. గాలిని మాత్రమే సుమా! నూనె ఇంకా రాలేదు. రెండో అడుగులో పైకి లేస్తూ ఆ గాలిని నొక్కుతుంది. ఎంతగా? 18 గ్లాసుల గాలిని ఒక్క గ్లాసులో కుక్కినంతగా! పెట్రోలు ఇంజనులో సుమారు 10 గ్లాసుల గాలినే ఒక గ్లాసులోకి కుక్కుతారు. ఇంతగా నలిగిన గాలి ఉష్ణోగ్రత 500 డిగ్రీల సెంటిగ్రేడు దాటుతుంది. సరిగ్గా ఆ క్షణంలో పైనున్న సన్నని ముక్కులోంచి డీజిలు నూనె మంచు తుంపరలా లోపలికి చిమ్ముతుంది. నిప్పురవ్వ అక్కరలేదు. ఆ వేడికి నూనె తనంతట తానే భగ్గుమంటుంది. మూడో అడుగులో ఆ మంట వల్ల వ్యాకోచించిన వాయువులు పిస్టనును కిందికి తంతాయి. బండిని నడిపేది ఈ తన్నే. నాలుగో అడుగులో పిస్టను మళ్ళీ పైకి లేచి పొగను బయటికి నెట్టేస్తుంది.

ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతోందనుకుందాం. ప్రతి సిలిండరులోనూ రెండు చుట్లకు ఒకసారి మంట పుడుతుంది. అంటే నిమిషానికి 1500 సార్లు, సెకనుకు 25 సార్లు. నాలుగు సిలిండర్లలో కలిపి సెకనుకు 100 మంటలు! మనకు వినిపించే గుర్రుమనే చప్పుడు ఈ మంటల వరసే.

ఈ ఇంజనుకు ఆ పేరు రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మను ఇంజనీరు వల్ల వచ్చింది. ఆయన 1858లో పారిస్‌లో పుట్టాడు. ఆనాటి ఆవిరి యంత్రాలు, కాల్చిన బొగ్గులోని శక్తిలో నూటికి పది పాళ్ళు కూడా పనిగా మార్చలేక మిగతాదంతా వృథా చేసేవి. ఆ వృథా ఆయనకు కంటగింపయింది. గాలిని బాగా నొక్కితే ఎక్కువ పని రాబట్టవచ్చని లెక్కలు వేశాడు. ఏళ్ళ తరబడి ప్రయత్నించి, 1897లో ఆగ్స్‌బర్గ్ నగరంలో తన ఇంజనును నడిపి చూపించాడు. అది నూటికి 26 పాళ్ళ శక్తిని పనిగా మార్చింది. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక డీజిలు ఇంజనును వేరుశనగ నూనెతో నడిపారు! 1920లలో జర్మనీలో ఇది లారీలకు ఎక్కింది. ఈనాటి మంచి డీజిలు ఇంజను నూటికి సుమారు 40 పాళ్ళ దాకా పని చేసిపెడుతుంది. బరువులు మోసే బండ్ల యజమానులు డీజిలును ఎంచుకోవడానికి ఇదొక ముఖ్య కారణం.

వేగం ఇచ్చి బలం కొనుక్కోవడం

బరువుతో ఆగి ఉన్న బండిని కదిలించాలంటే చక్రానికి పెద్ద బలభ్రామకం, అంటే తిప్పే బలం, కావాలి. అందుకే డ్రైవరు మొదటి గేరు వేస్తాడు. ఇంజను నాలుగు చుట్లు తిరిగితే గేరుపెట్టె నుంచి వచ్చే ఇరుసు ఒక్క చుట్టు తిరిగిందనుకోండి. వేగం నాలుగో వంతయింది, తిప్పే బలం దాదాపు నాలుగింతలయింది. ఇంజను శక్తి ఏమీ పెరగలేదు. వేగం ఇచ్చి బలం కొనుక్కున్నామన్నమాట! బండి ఊపందుకున్నాక బలం అవసరం తగ్గుతుంది. అప్పుడు రెండు, మూడు, నాలుగు గేర్లు మారుస్తూ బలం ఇచ్చేసి వేగం తీసుకుంటాడు.

ఒకే గాలి, రెండు బుద్ధులు

సిలిండరులో అంత మేలు చేసే గాలి నూనె గొట్టంలో దూరిందంటే బండి మొరాయిస్తుంది. టాంకీలో డీజిలు పూర్తిగా అయిపోయేదాకా నడిపితే గొట్టంలోకి గాలి చొరబడుతుంది. తరవాత నూనె పోసినా ఇంజను అందుకోకపోవచ్చు. పొలంలో ఆయిలింజను నడిపే రైతులకు ఈ బాధ బాగా తెలుసు. “ఎయిర్ పట్టింది, ఎయిర్ తియ్యాలి” అంటారు. కారణమేమిటి? ద్రవాన్ని నొక్కితే అది దాదాపు ఏమీ నలగదు. ఒకచివర నెట్టితే రెండోచివర ఆ నెట్టు అందుకుంటుంది. గాలి బుడగ అలా కాదు. నెట్టినకొద్దీ నలిగి ఊరుకుంటుంది. పంపు ఎంత నెట్టినా నూనె ముక్కుదాకా ఒత్తిడి చేరదు.

ఈ సూత్రాన్ని గట్టిగా గుర్తుపెట్టుకోండి. పికప్ బండి బ్రేకుల్లో కూడా గొట్టాల నిండా ద్రవమే ఉంటుంది. డ్రైవరు కాలితో తొక్కిన ఒత్తిడి, పాస్కల్ సూత్రం ప్రకారం, ఆ ద్రవం ద్వారా చక్రాలకు చేరుతుంది. ఆ ద్రవం పాతబడి తేమ పీల్చుకుంటే తక్కువ వేడికే మరుగుతుంది. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. అప్పుడు బ్రేకు తొక్కితే పాదం కిందికి దిగిపోతుంది గాని బండి ఆగదు! బ్రేకు ఆయిలును కంపెనీ చెప్పిన గడువుకు మార్చమనేది ఇందుకే.

ఒక లెక్క వేద్దాం

బండి కొన్నవాడికి ఖర్చులు చాలా ఉంటాయి. నెలనెలా అప్పు వాయిదా, డీజిలు, టైర్లు, ఇన్సూరెన్సు, డ్రైవరు జీతం. “రెండు ట్రిప్పుల సరుకు ఒక్క ట్రిప్పులో వేస్తే డీజిలు మిగులుతుంది కదా” అనే ఆశ అతనికి కలగడం సహజం. ఆ ఆశ ఎంతవరకు మంచిదో భౌతికశాస్త్రాన్ని అడుగుదాం.

ఖాళీ బండి 1700 కిలోలు, కంపెనీ అనుమతించిన సరుకు 1300 కిలోలు అనుకుందాం. మొత్తం 3000 కిలోలు. గంటకు 72 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 20 మీటర్లు. గతిశక్తి = సగం × ద్రవ్యరాశి × వేగం × వేగం. అంటే 6,00,000 జౌళ్ళు. బండి ఆగాలంటే ఈ శక్తి అంతా దాదాపుగా బ్రేకుల్లో వేడిగా మారాలి. రెండు లీటర్ల చన్నీళ్ళను మరిగే స్థితికి తెచ్చేంత వేడి అది! అదే వేగం సగానికి, గంటకు 36 కిలోమీటర్లకు, తగ్గిస్తే శక్తి సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. 1,50,000 జౌళ్ళే.

ఇప్పుడు ముందు ఒక గేదె అడ్డం వచ్చింది. దాన్ని చూసి డ్రైవరు బ్రేకు తొక్కేలోగా ఒక సెకను గడిచిందనుకుందాం. ఆ సెకనులోనే బండి 20 మీటర్లు పోయింది. తరవాత మంచి బ్రేకులు సెకనుకు 5 మీటర్ల చొప్పున వేగం తగ్గిస్తే, ఇంకో 40 మీటర్లకు ఆగుతుంది. మొత్తం 60 మీటర్లు. గేదె బతికింది.

అదే బండిలో 2600 కిలోల సరుకు వేశారు. మొత్తం 4300 కిలోలు. బ్రేకులు చూపగల బలం మాత్రం అంతే అనుకుందాం. బరువు పెరిగింది కనుక వేగం సెకనుకు సుమారు మూడున్నర మీటర్ల చొప్పునే తగ్గుతుంది. బండి ఆగడానికి 77 మీటర్లు పడుతుంది. “పదిహేడు మీటర్లేగా తేడా!” అనకండి. మొదటి బండి పూర్తిగా ఆగిన ఆ 60వ మీటరు దగ్గర, ఈ రెండో బండి ఇంకా గంటకు సుమారు 40 కిలోమీటర్ల వేగంతో పోతూ ఉంటుంది! అక్కడ ఉన్నది గేదె కావచ్చు, సైకిలు మీద బడికి పోయే మీరే కావచ్చు. బండికి నిమ్మకాయలు కట్టడం డ్రైవరు నమ్మకం. దాన్ని కాదనం. కాని ఈ లెక్కలో నిమ్మకాయకు చోటు లేదు. బరువుకు, వేగానికి, బ్రేకుకు మాత్రమే చోటుంది.

ఇంకొక ముఖ్యమైన సంగతి. పెళ్ళిళ్ళకూ, కూలిపనులకూ సరుకు బండ్ల మీద జనాన్ని నిలబెట్టి తీసుకుపోవడం మీరు చూసే ఉంటారు. బస్తాలు కింద పడి ఉంటాయి, మనుషులు పైకి నిలబడి ఉంటారు. దాంతో బండి గరిమనాభి పైకి పోతుంది. గరిమనాభి ఎంత పైకి పోతే బండి అంత తేలికగా పల్టీ కొడుతుంది. పైగా మలుపులో జనమంతా ఒకేపక్కకు ఒరుగుతారు. మన డెల్టాలో రోడ్డు పక్కనే కాలువ ఉండే చోట్లు ఎన్నో! సరుకు బండి సరుకుకే. మీరు ఎక్కవద్దు. ఎక్కబోయే పెద్దవాళ్ళకు ఈ కారణం చెప్పండి.

పొగ సంగతి

లీటరు డీజిలు బరువు సుమారు 830 గ్రాములు. కాని అది మండితే దాదాపు 2.6 కిలోల కార్బన్ డయాక్సైడు వస్తుంది. లేని బరువు ఎక్కడి నుంచి వచ్చింది? గాలిలోని ఆక్సిజను వచ్చి కలిసింది. నూనె సరిగా మండకపోతే నల్లని మసి కూడా వస్తుంది. అంటే నల్లటి పొగ వదిలే బండి మన ఊపిరితిత్తులనూ, యజమాని డబ్బునూ కలిపి కాల్చుతోందన్నమాట. అధిక వేడిలో గాలిలోని నైట్రొజను కూడా ఆక్సిజనుతో కలిసి హానికరమైన వాయువులవుతుంది. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బి.ఎస్. 6 నిబంధనలు వీటన్నిటికీ కఠినమైన హద్దులు పెట్టాయి. అందుకే చాలా కొత్త లారీల్లో ఒక చిన్న టాంకీలో నూటికి 32.5 పాళ్ళు యూరియా కలిపిన శుద్ధమైన నీరు ఉంటుంది. వేడి పొగలో ఆ యూరియా అమోనియాగా మారి, ఆ చెడ్డ వాయువులను మామూలు నైట్రొజనుగా, నీటి ఆవిరిగా మార్చేస్తుంది. పొలంలో చల్లే యూరియాకు ఇది అన్నదమ్ముల వరసే. కాని పొలం యూరియా కలిపి పోస్తే దానిలోని మలినాలు లోపలి ఉత్ప్రేరకాన్ని పాడుచేస్తాయి.

మీరు చేయండి

1. గంటకు 54 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 15 మీటర్లు. మన మొదటి బండి ఆ వేగంతో పోతూ బ్రేకు వేస్తే మొత్తం ఎన్ని మీటర్లలో ఆగుతుంది? జవాబు 37.5 వస్తే మీ లెక్క సరి.

2. మీ ఇంటి ముందు రోడ్డు మీద 60 అడుగుల దూరం కాదు, 60 మీటర్ల దూరం కొలిచి చూడండి. పెద్దవాళ్ళను వెంట ఉంచుకుని, రోడ్డు అంచునే నడవండి. బండి ఆగడానికి ఎంత చోటు కావాలో కళ్ళకు కడుతుంది.

3. టైరులో నింపేది గాలే. అక్కడ గాలి నలగడం మంచిదా, చెడ్డదా? బ్రేకు గొట్టంలో చెడ్డదైనది టైరులో మంచిదెలా అయింది? మీ మాస్టారుతో చర్చించండి.

ఈసారి హనుమాన్ జంక్షన్‌లో పికప్ బండి గుర్రుమన్నప్పుడు ఆ సెకనుకు నూరు మంటలు మీకు గుర్తొస్తాయి. దానితోపాటు ఆ 60వ మీటరు కూడా గుర్తుండాలి.