ముందు పెన్సిల్, తర్వాత మాట

గోడ బీటలు వారగానే మనకి గుర్తొచ్చేది పక్కింటాయన. ఆయన పునాది తవ్వించాడు, ఆయన బోరు వేయించాడు, ఆయన కొబ్బరిచెట్టు వేళ్లు ఇటు పాకాయి... గోడ వంక సరిగ్గా చూడకముందే తీర్పు చెప్పేస్తాం. యానాంలో ఈ తొందరకి చెల్లించే మూల్యం ఇంకాస్త ఎక్కువ. 30 చదరపు కిలోమీటర్ల ఊరు. వీధిలో ఎదురయ్యేవాళ్లందరూ రేపు పెళ్లికి పిలవాల్సినవాళ్లే. పోనీ కోర్టుకెక్కితే, అప్పీళ్లు పుదుచ్చేరికీ ఆపైన మద్రాసు హైకోర్టుకీ వెళ్తాయి. ఓ ప్రహరీ గోడ కోసం అంత ప్రయాణమా?

కోపం తగ్గాక మాట్లాడండి అని అందరూ సలహా ఇస్తారు. అది ఊరికే కూర్చుంటే తగ్గదు, చేతికి పని చెబితే తగ్గుతుంది. భవనాలు పరీక్షించే మంచి సర్వేయర్లు కంటికి కనిపించింది ముందు రాసుకుంటారు, కారణం జోలికి ఆ తర్వాతే వెళ్తారు. ఆ అలవాటు మనమూ చేసుకుందాం.

బీట కనిపించిందా, పెన్సిల్ తీయండి. బీట రెండు కొసల్లోనూ చిన్న అడ్డగీత గీసి తేదీ వేయండి. స్కేలు ఆనించి ఫోటో తీయండి. నెలకోసారి అక్కడే నిలబడి మళ్లీ తీయండి. బీట గీత దాటి సాగితే గోడ ఇంకా కదులుతున్నట్టే. ప్లాస్టరింగ్ మీది సన్నటి నెర్రెలు చాలావరకు సిమెంటు ఆరేటప్పుడు వచ్చినవే, వాటికి నిద్ర పాడుచేసుకోకండి. శ్లాబు కిందుగా గోడ పొడవునా అడ్డంగా వచ్చిన బీట తరచూ ఎండకి శ్లాబు సాగి ముడుచుకోవడం వల్ల వస్తుంది. కిటికీ మూల నుంచి ఇటుకల వెంట మెట్లుమెట్లుగా దిగితే మాత్రం పునాదిని అనుమానించాలి, ఇంజినీరుని పిలవాలి. అప్పుడైనా పక్కింటాయన్ని వెంటనే ఇరికించకండి. డెల్టా నల్లమట్టి వానకి ఉబ్బుతుంది, ఎండకి బిగుసుకుంటుంది. కాలాన్ని బట్టి విచ్చుకుంటూ మూసుకుంటూ ఉండే బీటకి ఆయన ఏం చేస్తాడు?

శ్లాబు పెచ్చులు ఊడినా ఇదే వరస. పైవాటా వాళ్ల బాత్రూమ్ కారుతోందని గొడవకి దిగుతాం. కావచ్చు కూడా. కానీ ముందు ఊడిన చోట ఇనుప చువ్వ చూడండి. సముద్రం దగ్గరి ఉప్పుగాలికి చువ్వ తుప్పు పట్టి, ఉబ్బి, కాంక్రీటుని తోసేస్తుంది. తీరప్రాంతపు గాలి తగిలే కాంక్రీటులో చువ్వని కప్పే కాంక్రీటు మందం, అంటే కవరు, 45 మిల్లీమీటర్లు ఉండాలంటుంది కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456. మన దగ్గర మేస్త్రి "ఏం పర్లేదండీ" అన్నంతే కవరు! ఊడిన చోట పుట్టీ రాసి రంగేస్తే లోపల తుప్పు ఆగదు. రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) కిందికొచ్చే ఫ్లాటయితే ఇంకో దారుంది. తాళాలు ఇచ్చిన ఐదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే, మనం తెలియజేసిన 30 రోజుల్లో బిల్డరు ఉచితంగా సరిచేయాలని 2016 నాటి ఆ చట్టం 14వ సెక్షన్ చెబుతోంది. ఫోన్లో చెప్పి ఊరుకోకుండా కాగితం మీద పెట్టండి.

చేతిలో తేదీలుంటే గొంతు పెంచాల్సిన పని ఉండదు. "అన్నయ్యగారూ, మీ తవ్వకం మొదలయ్యాక ఈ బీట రెండు మిల్లీమీటర్లు పెరిగిందండీ. మీ మేస్త్రిని ఓసారి పంపిస్తారా?" అంటే పోట్లాడేవాళ్లు తక్కువ. తవ్వకం ఇంకా మొదలవకపోతే మరీ మంచిది. ఇద్దరూ కలిసి రెండిళ్ల గోడలూ ఫోటోలు తీసి చెరో కాపీ ఉంచుకోండి. అయినా తెగకపోతే లోక్ అదాలత్ ఉంది. ఫీజు లేదు. ఇద్దరూ ఒప్పుకున్నాక వచ్చే అవార్డు మీద అప్పీలూ లేదు.

ఇక ఇన్సూరెన్స్. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు యానాం వీధుల్లోకి, ఇళ్లలోకి గౌతమి నీళ్లొచ్చాయి. నీళ్లు తీయగానే మన ఇళ్లలో చేసే మొదటి పని కడగడం. ఒక్క గంట ఆగండి. గోడ మీద బురద చార ఎంత ఎత్తుందో టేపు పెట్టి ఫోటో తీయండి, పాడైన సామాను పారేయకుండా ఓ మూల పెట్టండి, కంపెనీకి కబురు చేయండి, అప్పుడు చీపురు పట్టండి. 2021 ఏప్రిల్ నుంచి ఉన్న భారత్ గృహ రక్ష పాలసీలో తుపాను, వరద రెండూ కలిసే ఉంటాయి. బీమా మొత్తం ఇల్లు తిరిగి కట్టే ఖర్చుకి, స్థలం ధరకి సంబంధం లేదు. హోమ్ లోన్‌తో బ్యాంకు అంటగట్టింది ఇంటి పాలసీయో, మీ ప్రాణానికి చేసిందో ఓసారి తీసి చదవండి. ఏళ్ల తరబడి ఎక్కిన చెమ్మకి పాలసీ డబ్బులివ్వదు. దాన్ని వరద ఖాతాలో కలిపేస్తే అసలు నష్టం మీదా అనుమానం పడుతుంది. మీ పాత ఫోటోలు కంపెనీ పంపే సర్వేయరుకి చూపించాల్సింది అక్కడే.

క్లెయిమ్ తిరస్కరిస్తే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెల గడిచినా జవాబు రాకపోతే, వచ్చింది నచ్చకపోతే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి ఏడాదిలోపు వెళ్లొచ్చు. పాలన పుదుచ్చేరిది, హైకోర్టు మద్రాసుది అయినా, ఈ ఒక్కదానికి యానాం హైదరాబాద్ పరిధిలో ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. అర్జీకి ఫోటోలు, సర్వే రిపోర్టు కాపీ జతచేయండి.