బాప్తిస్మము అనే మాట గురించి మనవరాలికి

గాంధీపురం, కోయంబత్తూరు



మదురై అరసరడిలో గ్రీకు చదువు మొదలైందని, 'బాప్తిద్జో' అనే క్రియ దగ్గర ఆగిపోయావని రాశావు. తమిళ బైబిలు జ్ఞానస్నానం అంటుంటే మన తెలుగు బైబిలు గ్రీకు శబ్దాన్నే తెచ్చి బాప్తిస్మము అని పెట్టుకుందేం, మన భాషలో మాటే లేదా అని అడిగావు. ఉందమ్మా, నిండుగా ఉంది.

ఆ క్రియను గ్రీకువాళ్లు గుడి బయట ఎలా వాడారో ముందు చూడు. రోముకు పోతుంటే అద్రియ సముద్రంలో తమ ఓడ మునిగిందని జోసీఫసు తన జీవితకథలో రాసుకున్నాడు. అందులో సుమారు 600 మంది ఉన్నారట. అక్కడ వాడింది ఈ క్రియే. ఒతో అనే దుబారా మనిషి అప్పుల్లో మునిగిపోయాడని చెప్పడానికి ప్లూటార్కూ దీన్నే వాడాడు. పాత నిబంధన గ్రీకు అనువాదంలో నయమాను యొర్దానులో ఏడుసార్లు మునిగిన చోటా ఇదే ఉంది. ఈ మూడూ తెలుగులో ఎలా చెప్పాలో మీ అవ్వనడుగు. ఓడ మునిగింది, అప్పుల్లో మునిగాడు, ఏట్లో మునిగాడు అంటుంది. గ్రీకులో ఒక్క మాట తిరిగిన చోటల్లా మన 'మునుగు' కూడా తిరుగుతుంది. ఇంత దూరపు భాషల మధ్య ఇలా కుదరడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మరి ఎందుకు పెట్టలేదంటావా? అడ్డం వచ్చింది భాష కాదు, సంఘాల తగవు. నీళ్లలో ముంచితేనే చెల్లుతుందనే బాప్తిస్టులు ఒక పక్క, బిడ్డ తల మీద నీళ్లు పోసినా చాలుననే లూథరన్లు, ఆంగ్లికన్లు ఇంకో పక్క. బెంగాలీ అనువాదంలో మునకను తెలిపే మాట పెట్టారని 1830లలో బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిల్ సొసైటీ సాయం నిరాకరించింది. అదే తగవు మీద అమెరికాలో బాప్తిస్టులు 1836లో వేరే సొసైటీ పెట్టుకున్నారు. గ్రీకు మాటను కదపకుండా ఉంచితే ఎవరి అర్థం వాళ్లు చెప్పుకోవచ్చు. మన బాప్తిస్మము ఆ రాజీ పద్ధతిలోదే. దాని వల్ల వేరువేరు సంఘాలవాళ్లు ఒకే గ్రంథం చదువుకోగలిగారు, అది చిన్న మేలు కాదు. కథోలికులు మాత్రం తెలుగులోనూ జ్ఞానస్నానమనే అంటారు.

నాకు తోచే కారణం ఇంకొకటుంది. 'ముంచు' మన నోళ్లలో చెడిపోయిన క్రియ. కొంప ముంచాడు, చీటీ డబ్బులు ముంచాడు అంటాం. 'ముంచే యోహాను' అంటే వినేవాడికి మోసగాడు తోస్తాడు. 'మునక'కు ఆ మచ్చ లేదు. గోదావరిలో మూడు మునకలు వేసి వచ్చామంటే అందులో ఉన్నది భక్తే. తిరువివిలియం అనే మరో తమిళ బైబిలు అనువాదకులు 'తిరుముళుక్కు' అన్నది ఇటువంటి మాటనే. ఆ దారి మనకూ ఉండింది.

అయితే రెండు జాగ్రత్తలు. లూకా 11:38లో యేసు భోజనానికి ముందు శుద్ధి చేసుకోలేదని పరిసయ్యుడు ఆశ్చర్యపోయిన చోట గ్రీకులో ఇదే క్రియ ఉంది. తెలుగులో 'స్నానము' అని వచ్చింది. మార్కు 7:4లో గిన్నెలు, కుండలు కడగడానికి దీని తోబుట్టువైన నామవాచకం ఉంది. ప్రతిచోటా నిలువెల్లా మునగడమేనని వాదించేవాళ్లు ఈ వచనాలు దాటిపోకూడదు. రెండోది, 'బాప్తో' అనే చిన్న క్రియ. దానికి బట్టకు రంగు వేయడమనే అర్థమూ ఉంది. మన చుట్టూ అద్దకం పని ఉంది కనుక ప్రసంగంలో చెప్పాలని మనసు లాగుతుంది. కొత్త నిబంధన ఆ క్రియను ఈ సంస్కారానికి ఒక్కసారీ వాడలేదు. వేలి కొన ముంచడం, రొట్టె ముక్క ముంచడం వంటి వాటికే వాడింది.

ఇక మునక మన నేల మీద ఎలా జరిగిందో చూడు. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లి రేవులో, గుండ్లకమ్మ నదిలో, ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఎక్కువమంది మాదిగలు, అప్పుడే పెద్ద కరువు దాటి వచ్చినవాళ్లు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని అక్కడి బాప్తిస్టు మిషనరీ క్లౌ దొర కరువు కాలమంతా బాప్తిస్మాలు ఆపి ఉంచాడు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని ముంచారు. వాళ్లకు గ్రీకు అర్థం ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు, ఏరే చెప్పింది.

నన్ను బాధపెట్టేది మార్కు 10:38. పక్కన ఆసనాలు అడిగిన యాకోబు, యోహానులకు యేసు తన చావును ఈ మాటతోనే చెబుతాడు. గ్రీకు చెవికి అక్కడ శ్రమలో మునిగిపోవడం వినిపిస్తుంది. మనవాళ్లకు గుడిలో తెల్లబట్టల పండుగ కనిపిస్తుంది. రాజీ మాట ఈ చోట మనకు చేసిన నష్టం పెద్దది. అచ్చులో ఉన్న మాట మార్చమని నేననను, జనం దాన్ని తమది చేసుకున్నారు. నువ్వు బోధించే రోజున మాత్రం బాప్తిస్మము పక్కనే మునకను నిలబెట్టు, ముఖ్యంగా ఈ వచనం దగ్గర.

రోమా 6:4లో పౌలు ఈ మాటను సమాధితో జత చేశాడు. ఆ వచనం గ్రీకు నుంచి నీ తెలుగులో రాసి క్రిస్మస్ సెలవులకు ముందే పంపు. తెలుగు అక్షరాలు ఇంకా చేతికి రాకపోతే తమిళ లిపిలోనే రాయి, చదువుకుంటాను.

మీ తాత