జర్నలిజం సీటు తీసుకునే ముందు అడగండి: పాఠం ఎవరు చెబుతారు?

డిగ్రీ ఫలితాలు రాగానే జర్నలిజం కోర్సుల గురించి వాకబు చేసే తల్లిదండ్రులు అడిగేవి దాదాపు ఒకే ప్రశ్నలు. స్టూడియో ఉందా? కెమెరాలు ఎన్ని? ప్లేస్‌మెంట్ గ్యారంటీ ఇస్తారా? మా అమ్మాయి టీవీలో ఎప్పుడు కనబడుతుంది? పాఠాలు ఎవరు చెబుతారు, ఆ కుర్చీలోకి రాకముందు వాళ్లు ఏం పని చేశారు అని అడిగేవాళ్లు చాలా అరుదు. మెడికల్ కాలేజీలో చేర్చేటప్పుడు ఆసుపత్రికి రోగులు వస్తారా లేదా అని ఆరా తీస్తాం. జర్నలిజం విషయంలో మాత్రం రంగుల బ్రోషర్ చూసి లక్షలు కట్టేస్తున్నాం. ఈ చదువులో ప్రయోగశాల అంటూ ఉంటే అది విద్యార్థి రాసిన కాపీని పక్కన కూర్చోబెట్టుకుని దిద్దే మనిషే. ఆ మనిషి లేనిచోట ఎంత ఖరీదైన స్టూడియో ఉన్నా పిల్లలు నేర్చుకునేది తక్కువ.

అడిగే కొద్దిమందికి కూడా రెండు భ్రమలు. కొందరికి పేరు ముందు ‘డాక్టర్’ ఉంటే చాలు. ఇంకొందరికి టీవీలో రోజూ చూసే ముఖం గెస్ట్ లెక్చర్‌కు వస్తుందంటే చాలు. మంచి జర్నలిజం శాఖ ఈ రెంటిలో ఏ ఒక్కదానితోనూ తయారు కాదు.

విశ్వవిద్యాలయాల్లో జర్నలిజం బోధన పుట్టుకలోనే రెండు పాయలున్నాయి. 1908లో అమెరికాలోని మిస్సోరి విశ్వవిద్యాలయంలో ప్రపంచంలోని తొలి జర్నలిజం స్కూళ్లలో ఒకదాన్ని పెట్టిన వాల్టర్ విలియమ్స్‌కు కాలేజీ డిగ్రీ లేదు. కుర్రతనంలోనే అచ్చు పనిలో చేరి, పత్రికల్లో ఎదిగి, చివరికి అదే విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడయ్యాడు. ఆయన స్కూల్లో విద్యార్థులు మొదటిరోజు నుంచే నిజమైన వార్తాపత్రికను తెచ్చారు. రెండో పాయ విల్బర్ ష్రామ్‌ది. సాహిత్యంలో పీహెచ్‌డీ చేసిన ష్రామ్ 1943లో అమెరికాలోనే అయోవా విశ్వవిద్యాలయంలో మాస్ కమ్యూనికేషన్‌కు తొలి డాక్టరేట్ కోర్సు మొదలుపెట్టాడు. అక్కడి నుంచి సర్వేలు, గణాంకాలు, సిద్ధాంతాలు ఈ చదువులోకి వచ్చాయి. ఒకరిది న్యూస్‌రూమ్ దారి, ఇంకొకరిది పరిశోధన దారి.

మన దేశానికి రెండూ వచ్చాయి. 1941లో లాహోర్‌లో పంజాబ్ విశ్వవిద్యాలయపు జర్నలిజం శాఖను మొదలుపెట్టిన పృథ్వీపాల్ సింగ్ మిస్సోరిలో చదివి వచ్చినవాడే. ఉస్మానియాలో 1954లో శాఖ ఏర్పడినప్పుడు అమెరికన్ ఆచార్యుడు డి ఫారెస్ట్ ఒడెల్ చేయూత ఉంది. ఢిల్లీలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్ (ఐఐఎంసీ) 1965లో మొదలైంది. దానికి బాట వేసిన సిఫారసుల బృందంలో ష్రామ్ ఉన్నాడు. మనవాళ్లు చాలాకాలం ఈ రెండు పాయలనూ కలుపుకునే నడిచారు. పత్రికలో పనిచేసి బోధనకు వచ్చినవాళ్లు, బోధిస్తూనే పత్రికలకు రాసినవాళ్లు పాత శాఖల్లో కనిపించేవారు.

తర్వాత నియామకాల నిబంధనలు ఒక పాయను ఇరుకు చేశాయి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) లెక్కలో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే 55 శాతంతో పీజీ, నెట్ లేదా సెట్ అనే అర్హత పరీక్షలో ఉత్తీర్ణత ఉండాలి, లేదా నిబంధనల ప్రకారం చేసిన పీహెచ్‌డీ ఉండాలి. ఇరవై ఏళ్లు జిల్లాల్లో తిరిగి వార్తలు రాసి, కోర్టు నోటీసులు ఎదుర్కొని, డెస్క్ నడిపిన విలేకరికి నెట్, సెట్, పీహెచ్‌డీల్లో ఏదీ లేకపోతే ఆ ఉద్యోగానికి దరఖాస్తు చేసే అర్హత కూడా లేదు. పీజీ అవగానే నెట్ రాసి, పత్రికాఫీసు గడప తొక్కకుండా రిపోర్టింగ్ పేపర్ బోధించడానికి మాత్రం ఏ అడ్డూ లేదు. తప్పు ఆ యువ అధ్యాపకుడిది కాదు, నిబంధనది. 2022లో యూజీసీ ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ అనే దారి తెరిచింది. వృత్తిలో కనీసం పదిహేనేళ్ల అనుభవం ఉన్నవారిని డిగ్రీలతో నిమిత్తం లేకుండా తీసుకోవచ్చు. అయితే మంజూరైన పోస్టుల్లో పది శాతానికి మించకూడదు, ఒకరిని మొత్తం నాలుగేళ్లకు మించి ఉంచకూడదు. రెగ్యులర్ పోస్టులే ఏళ్ల తరబడి భర్తీ చేయని రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఇది ఎంతవరకు ఉపయోగపడుతుందో ఊహించవచ్చు. మన రెండు రాష్ట్రాల్లోనూ చాలా శాఖలను నడిపిస్తున్నది కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ అధ్యాపకులే. వాళ్లలో అద్భుతంగా చెప్పేవాళ్లున్నారు. వచ్చే ఏడాది ఉంటామో లేదో తెలియని ఉద్యోగంలో ఉండి కూడా పిల్లల కోసం ఆదివారాలు వచ్చి, విద్యార్థులు సాధన కోసం తెచ్చే పత్రిక అయిన ల్యాబ్ జర్నల్ పేజీలు పెట్టించేవాళ్లున్నారు. వారిని తక్కువగా చూడకండి.

న్యూస్‌రూమ్‌లో నలిగినవాళ్లే చెప్పాలని కూడా నేననను. తెలుగు పత్రికల భాషను దిద్దిన బూదరాజు రాధాకృష్ణ విలేకరి కారు, భాషాశాస్త్రవేత్త. ప్రాచీన తెలుగు శాసనాల మీద పనిచేసి, తెలుగు అకాడమీలో బాధ్యతలు చూసి, తర్వాత ఈనాడు జర్నలిజం స్కూలుకు ప్రిన్సిపాల్ అయ్యారు. ఆయన దగ్గర ఎర్రసిరా గీతలు తిన్న సబ్ ఎడిటర్లు తర్వాత ఎన్నో పత్రికలకు వెళ్లి మంచి తెలుగు రాశారు. పాలగుమ్మి సాయినాథ్ జేఎన్‌యూలో చరిత్ర చదివినవాడు. పల్లెల్లో రిపోర్టింగ్ చేస్తూనే ముంబయిలోని సోఫియా పాలిటెక్నిక్‌లో, చెన్నైలోని ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజంలో పాఠాలు చెప్పాడు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో వినోద్ పావరాలది సోషియాలజీ. ఆయన, కాంచన్ మలిక్ కలిసి కమ్యూనిటీ రేడియో మీద పుస్తకం రాశారు. 2011లో ఆ అంశంపై యునెస్కో పీఠం అక్కడికే వచ్చింది. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో 2008లో మొదలైంది. అలాంటి ప్రయత్నాల వెనుక ఉన్న విధానం ఏమిటి, చట్టం ఏమిటి, ఎవరి గొంతు వినబడుతోంది, ఎవరిది వినబడటం లేదు అన్నది పిల్లలకు అర్థం కావాలంటే పరిశోధకుడు కావాలి. పాతికేళ్ల క్రైమ్ రిపోర్టింగ్ అనుభవం ఒక్కటే ఆ పాఠం చెప్పలేదు.

కాబట్టి అధ్యాపకుల పేర్ల పక్కన ఉన్న డిగ్రీలు లెక్కపెట్టి ఊరుకోకుండా అందరి నేపథ్యాలనూ ఒకచోట పెట్టి చూడండి. ఐదుగురు ఉన్నారనుకుందాం. ఐదుగురూ అదే శాఖలో పీజీ, అక్కడే పీహెచ్‌డీ, అక్కడే ఉద్యోగం అయితే ఆలోచించాలి. గురువు నోట్సు శిష్యుడి నోట్సవుతుంది, పదిహేనేళ్ల క్రితం సిలబస్ అలాగే సాగుతుంది. ఒకరు తెలుగు పత్రికలో, ఇంకొకరు ఇంగ్లిష్ పత్రికలో లేదా వార్తాసంస్థలో పనిచేసి ఉంటే, మరొకరు బయటి విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి వస్తే, చట్టమో చరిత్రో అర్థశాస్త్రమో చదివినవారు ఒకరైనా ఉంటే ఆ శాఖ పిల్లలకు నాలుగు కిటికీలు తెరుస్తుంది.

‘ఇండస్ట్రీ ఎక్స్‌పీరియన్స్’ అన్న మాట దగ్గర కాస్త ఆగండి. ఎక్కడ, ఏ హోదాలో, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు అని ఉందా? రెండు నెలల ఇంటర్న్‌షిప్‌నూ అనుభవంగా రాసుకునే చోట్లున్నాయి. అనుభవం నిజమే అయినా ఎప్పటిదో చూడాలి. డెస్కు వదిలి ఇరవై ఏళ్లయినవారు వార్తా విలువలు, భాష, నైతికత చక్కగా చెబుతారు. ప్రభుత్వ డేటాలోంచి కథనం తీయడం, వైరల్ వీడియో నిజమో అబద్ధమో తేల్చడం చెప్పాలంటే ఇప్పుడు పనిచేస్తున్నవారు వారానికి ఒకసారైనా రావాలి. పీహెచ్‌డీ అంశాలు కూడా చదవండి. ఎన్నికల ప్రచారం, స్థానిక విలేకరుల జీతభత్యాలు, మహిళల మీద వార్తల తీరు వంటివాటిపై నిజంగా క్షేత్రానికి వెళ్లి చేసినవి ఉంటాయి. నాలుగు పత్రికల కాలమ్ సెంటీమీటర్లు కొలిచి ముగించినవీ ఉంటాయి. తేడా పట్టుకోవడం పెద్ద కష్టం కాదు.

టీవీ ముఖాల విషయంలో నాకు ఓపిక లేదు. బ్రోషర్ మీద ప్రముఖ యాంకర్ ఫొటో వేస్తారు. ఆయన ఏడాదికోసారి వచ్చి గంట మాట్లాడి, సెల్ఫీలు దిగి వెళతారు. మిగిలిన రోజులు పాఠం చెప్పేది ఎవరు? ‘యాంకరింగ్ కోర్సు’ అంటూ మూడు నెలలకు వేలకు వేలు వసూలు చేసే సంస్థలు ఇంకో అడుగు ముందుకేస్తాయి. మేకప్, టెలీప్రాంప్టర్, డెమో వీడియో ఇచ్చి పంపిస్తాయి. వార్త రాయడం రాని యాంకర్‌ను ఏ చానలూ ఎక్కువకాలం ఉంచుకోదు. పిల్లలను అద్దంలో చూసి ‘నువ్వు టీవీలో బాగుంటావు’ అని ఈ చదువులోకి తోయకండి. అలాగే ఎప్‌సెట్‌లో ర్యాంకు రాలేదు, కాస్త మాటకారి, జర్నలిజంలో పడేద్దాం అని కూడా తేవద్దు. పేపరు చదవని, ఎవరినీ ప్రశ్న అడగాలనిపించని పిల్లవాడిని ఇక్కడికి తేవడం వాడిని శిక్షించడమే. పేపరు ఆసక్తిగా చదివే పిల్లను బలవంతంగా సాఫ్ట్‌వేర్ కోర్సుకు పంపడమూ అంతే.

ఖర్చు సంగతి ఇంట్లో కూర్చుని లెక్క వేయండి. ఎనిమిది లక్షల విద్యారుణం, 10.5 శాతం వడ్డీ, ఏడేళ్ల వాయిదాలు అనుకుంటే నెలకు దాదాపు 13,500 రూపాయలు కట్టాలి. చదువుతున్న కాలంలో పెరిగే వడ్డీ దీనికి అదనం. తెలుగు మీడియాలో మొదటి జీతం మీద ఆ వాయిదా ఎంత బరువో ఇప్పటికే అక్కడ పనిచేస్తున్న ఎవరినడిగినా చెబుతారు. వాయిదా కోసం రెండేళ్లకే వృత్తి వదిలి పీఆర్ ఏజెన్సీల్లోకి వెళ్లిపోయిన మంచి రిపోర్టర్లు తక్కువమందేం కాదు.

నా మొగ్గు ప్రభుత్వ విశ్వవిద్యాలయాలవైపే. ఉస్మానియా, ఆంధ్ర, నాగార్జున, తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, హైదరాబాద్ తెలుగు విశ్వవిద్యాలయం, సెంట్రల్ యూనివర్సిటీల్లో ఫీజు ప్రైవేటుతో పోలిస్తే చాలా తక్కువ. లైబ్రరీ ఉంటుంది, పక్క బ్లాకులో చరిత్ర, న్యాయశాస్త్రం, అర్థశాస్త్రం చదివే స్నేహితులు దొరుకుతారు. ఏదైనా డిగ్రీ ఉంటే చాలు, తెలంగాణలో చాలావాటికి సీపీగెట్, ఆంధ్రలో పీజీసెట్, కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ రాయాలి. తెలుగులో రాయగలిగి, ఇంట్లో డబ్బు ఇబ్బంది ఉన్నవారు ప్రధాన పత్రికలు సొంతంగా నడిపే జర్నలిజం స్కూళ్ల ప్రకటనల కోసం చూడాలి. ఈనాడు స్కూలు వంటివి శిక్షణ కాలంలో స్టైపెండ్ ఇస్తాయి. చేరేముందు ఒప్పందపత్రం పూర్తిగా చదవండి. ఎన్నేళ్లు అక్కడే పనిచేయాలో, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో అందులోనే ఉంటుంది.

జర్నలిజం అధ్యాపకులు కావాలనుకునే వారికి ఒక మాట. నెట్ కోచింగ్ వలలో పడకండి. నెట్ గట్టెక్కితే వచ్చేది అర్హత మాత్రమే, ఉద్యోగం కాదు. నెట్ చేతిలో పెట్టుకుని నోటిఫికేషన్ కోసం ఏళ్లకేళ్లు గెస్ట్ ఫ్యాకల్టీగా గడుపుతున్నవారు ఎన్నో జిల్లాల్లో ఉన్నారు. మాస్ కమ్యూనికేషన్ అండ్ జర్నలిజం సిలబస్‌ను పాత ప్రశ్నపత్రాలు, లైబ్రరీ పుస్తకాలతో సొంతంగా చదువుకోవచ్చు, దానికి యాభై వేలు పోయాల్సిన పని లేదు. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) వస్తే మాత్రం వదలకండి. నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్‌తో అప్పు లేకుండా పరిశోధన చేయవచ్చు. ఇంకా మంచి దారి పీజీ అయ్యాక కనీసం మూడేళ్లు ఏదో ఒక డెస్క్‌లోనో జిల్లా రిపోర్టింగ్‌లోనో పనిచేసి, అక్కడ మిమ్మల్ని తొలిచిన ప్రశ్ననే పీహెచ్‌డీ అంశంగా తీసుకోవడం. ‘వయసు మించిపోతుంది, ముందు పర్మనెంట్ ఉద్యోగం చూసుకో’ అని తల్లిదండ్రులు ఆ మూడేళ్లకు అడ్డుపడకుండా ఉండాలి. రేపు మీ బిడ్డ తరగతిలో నిలబడి చెప్పే మాటకు బరువునిచ్చేది ఆ మూడేళ్లే.

సీటు ఖాయం చేసుకునే ముందు ఒక్కరోజు శాఖకు వెళ్లండి. గత ఏడాది విద్యార్థులు తెచ్చిన ల్యాబ్ జర్నల్ చూపించమనండి. రెండో ఏడాది పిల్లలను పక్కకు పిలిచి, మీరు రాసినదాన్ని ఎవరు దిద్దుతారు, ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు అని అడగండి. అధ్యాపకుల జాబితా, వారి నేపథ్యాలు, ఎవరు పూర్తికాలం, ఎవరు గెస్ట్ అన్న వివరాలు కాగితం మీద ఇవ్వమనండి. ప్రభుత్వ విశ్వవిద్యాలయమైతే సమాచార హక్కు చట్టం కింద ఈ వివరాలు అడగవచ్చు. ఇవ్వడానికి వెనకాడే ప్రైవేటు కాలేజీలో మాత్రం మీ పిల్లలను చేర్చకండి.