విత్తనం వేళ తెలుసుకో

సంగం

చిరంజీవి సునీతకు, పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మొక్కల లోపలి గడియారం పాఠం పరీక్ష దాకా గుర్తుంటే చాలని నీ స్నేహితురాళ్లు అంటున్నారని రాశావు. నువ్వు మాత్రం దాన్ని వదలొద్దు తల్లీ. రేపు ఉద్యోగంలో చేరి పెన్నా ఆయకట్టులోకి వచ్చావంటే, రైతు నిన్ను మొట్టమొదట అడిగేది "అమ్మా, ఈ విత్తనం ఇప్పుడు నారు పోయొచ్చా?" అనే. దానికి జవాబు ఆ పాఠంలోనే ఉంది.

మన మొలగొలుకులనే తీసుకో. నెల్లూరు బియ్యానికి పేరు తెచ్చిన రకం, దాదాపు ఆరు నెలలు పొలంలో ఉండే పంట. అది పగటి పొడవును బట్టి ఈనే వరి. అలాంటి రకాన్ని రెండో పంటకాలమైన ఎడగారులో నాటితే పచ్చగా ఎదుగుతుంది, దుబ్బు కడుతుంది, పగలు తగ్గేదాకా పొట్టకు మాత్రం రాదు. నీళ్లు ఎన్ని పెట్టినా, యూరియా ఎంత చల్లినా దాన్ని తొందరపెట్టలేం.

మన దగ్గర ఏడాదిలో పెద్ద పగలు సుమారు 13 గంటలు, చిన్న పగలు 11 గంటల పైచిలుకు. మొత్తం తేడా రెండు గంటలు కూడా లేదు. అంత చిన్న తేడాను వరి పట్టుకుంటోందంటే ఎండ ఒక్కటే కారణం కాదు. వెలుగు ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు పోయింది అని సరిచూసుకోవడానికి ఆకు లోపల సుమారు 24 గంటలకోసారి తిరిగే లెక్క ఒకటి నడుస్తూ ఉండాలి. పగటి పొడవు అరగంట మారితే చాలు, పూతకు సంబంధించిన జన్యువు పనిచేయడమో ఆగిపోవడమో జరుగుతుందని జపాన్ వాళ్లు వరిలో చూపించారు. ఆకులో తయారయ్యే హెచ్‌డీ3ఏ అనే ప్రోటీన్ మొవ్వలోకి చేరి అక్కడ వెన్ను మొదలుపెట్టిస్తుందని 2007లో జపాన్‌లోని నారా శాస్త్రవేత్తలు తేల్చారు. ఆ తర్వాత సుమారు నెల రోజులకు గానీ కంకి బయటికి రాదు. కాబట్టి ఎవరైనా "చేను ఈనలేదమ్మా" అంటే ఆ రోజు తడి, ఆ రోజు ఎరువు చూసి ఊరుకోకు. నారు ఎప్పుడు పోశారు, రకమేమిటి, నెల కిందట పగలు ఎంత ఉంది అని అడుగు.

మొక్కకు వేళ తెలుస్తుందన్న ఎరుక కొత్తదేమీ కాదు. అలెగ్జాండర్ వెంట వచ్చిన ఆండ్రోస్థెనీస్ చింతాకు రాత్రి ముడుచుకోవడం గమనించి రాసిపెట్టాడు. 1729లో ఫ్రాన్సులో ద మెరాన్ అత్తిపత్తి మొక్కను చీకట్లో ఉంచితే, ఎండ తగలకపోయినా ఆకులు పగటివేళకు విచ్చుకున్నాయి.

నన్ను ఎక్కువగా కదిలించింది పిండిపదార్థం లెక్క. ఆకు పగలు దాచుకున్న పిండిని రాత్రంతా ఖర్చు చేస్తూ బతుకుతుంది, పెరుగుతుంది. ఆవాల కుటుంబంలోని అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో ఇంగ్లండులోని జాన్ ఇన్నెస్ సెంటర్ వాళ్లు దీన్ని చూశారు. తెల్లవారేసరికి నిల్వ దాదాపు అయిపోతుంది, ముందే మాత్రం అయిపోదు. ఒకరోజు నాలుగు గంటల ముందే చీకటి చేస్తే, మొక్క ఖర్చు తగ్గించుకుని అదే నిల్వను ఉదయం దాకా సరిపెట్టుకుంది. ఉదయం ఎప్పుడొస్తుందో దానికి చెప్పేది ఆ లోపలి గడియారమే. అది దెబ్బతిన్న మొక్కల్లో పిండి వేళకు ముందే నిండుకుని ఎదుగుదల కుంటుపడింది. గడియారం బయటి రోజుతో సరిపోలిన మొక్కలు పచ్చదనంలోనూ ఎదుగుదలలోనూ మిన్నగా ఉంటాయని 2005లో కేంబ్రిడ్జి పరిశోధకులు చూపారు. అయితే ఒక్కటి గుర్తుంచుకో. అరబిడాప్సిస్‌లో చూసిందంతా వరికి అంటగట్టకు. వరిలాంటి గడ్డిజాతుల్లో ఆకు సాగడం గడియారం కంటే వేడిమిని ఎక్కువగా అనుసరిస్తుంది.

ఇక మన పొలాల సంగతి. మన సంగం దగ్గర ఆనకట్ట పంతొమ్మిదో శతాబ్దంలోనే వచ్చింది, కొత్త బ్యారేజీ 2022లో ప్రారంభమైంది. నీళ్లు ఇచ్చిన వాళ్లను మనం తలుచుకుంటాం, మంచిదే. కానీ నీళ్లున్నంత మాత్రాన రెండో పంట రాదు, పగటి పొడవును పట్టించుకోని విత్తనమూ కావాలి. 1966లో వచ్చిన ఐఆర్ 8 అలాంటిదే. ఏ నెలలో నాటినా ఇన్ని రోజులకు కోత అని చెప్పగలగడం అప్పటి నుంచే విస్తరించింది. నెల్లూరు వ్యవసాయ పరిశోధనా స్థానం 1937 నుంచి ఉంది. సెలవుల్లో అక్కడికి వెళ్లు. ఎన్‌ఎల్‌ఆర్ 34449 వరి సుమారు నాలుగు నెలల్లో ఎలా చేతికొస్తుందో, పాత మొలగొలుకులకు ఆరు నెలలు ఎందుకు పట్టిందో అక్కడి వాళ్లను అడిగి తెలుసుకో. కార్తెలు చెప్పే ముసలి రైతును చిన్నచూపు చూడకు. కార్తె సూర్యుణ్ణి బట్టి వచ్చేదే, పగటి పొడవూ సూర్యుణ్ణి బట్టి మారేదే.

చివరిగా ఒక పని నీకు అప్పగిస్తున్నా. రోడ్ల వెంట కొత్తగా వస్తున్న తెల్లటి ఎల్‌ఈడీ దీపాల వెలుగు రాత్రంతా చేలమీద పడుతోంది. పగటి పొడవును లెక్కపెట్టే వరి రకాలకు అది పగలే. స్తంభం కింద ఉన్న దుబ్బులు పచ్చగానే ఉండి ఆలస్యంగా ఈనుతాయి, మడంతా ఒకేసారి కోతకు రాదు. నువ్వు ఏ ఊళ్లో పనిచేసినా గ్రామసభలో ఈ మాట ఎత్తు. దీపాలు తీసేయమని కాదు, మనుషులకు వెలుగు కావాలి. పొలం వైపు వెలుగు పడకుండా దీపానికి రేకు అడ్డం కట్టించమని అడుగు.

ఇట్లు,
నీ పెదనాన్న